ఆర్నేలోలో ఉండదలచినవాళ్ళకు

ఆర్నేలో, మార్చి 2

బల్బీనా,

నేను బాగున్నానని రాయడానికి నాకు భయం. రాసిన మర్నాడే ఏదో ఒకటి అవుతుంది. అందుకని, ఇవాళ పొద్దున లేచాను, కాళ్ళు నేల మీద ఆనాయి అని మాత్రం రాస్తున్నాను. నువ్వు కూడా అలాగే లేచి ఉంటావనుకుంటున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా చదువు నీకు తెలిసిందే. మొదటిసారికి అక్షరాలు, రెండోసారికి మాటలు, మూడోసారికి గాని సంగతి అర్థం కాదు. నీ రెండో ఆయన బెప్పే పోయాక ఆ స్విట్జర్లాండులో ఒక్కదానివీ ఉండలేక, నలభై ఏళ్ళకి మళ్ళీ ఇక్కడికొచ్చి ఉంటానంటున్నావు. ఫోనులో మాట్లాడదామంటే నీకు చెవులు పోయాయి. ఇక్కడ ఇప్పుడు ఎలా బతకాలో రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఏదీ మర్చిపోకూడదని ఒక చీటీ రాసి పెట్టుకున్నాను. ఆ చీటీ ఇప్పుడు కనపడడం లేదు.

ఒతిలియా వాళ్ళ పై వాటా ఖాళీగా ఉంది, మా గోడకి ఆనుకునే. కిటికీలోంచి రేవు కనపడుతుంది. మెట్లు పద్నాలుగు. పదకొండోది కాస్త ఎత్తు ఎక్కువ, పడేవాళ్ళంతా అక్కడే పడతారు. దానికి తెల్ల రంగు వేయిస్తాను.

అన్నిటికన్నా ముందు షట్టరు. పొద్దున తొమ్మిది లోపల వీధి కిటికీ షట్టరు పైకెత్తాలి. నీకు వెలుతురు కోసం కాదు, నువ్వు బతికే ఉన్నావని మాకు తెలియడం కోసం. తొమ్మిదిన్నరకి ఎత్తకపోతే ఎదురింటివాళ్ళు మొహాలు చూసుకుంటారు. పదింటికి తలుపు కొడతారు. జనవరిలో ఒతిలియా జలుబుతో ముసుగు పెట్టి పడుకుంటే మేం తలుపు గడియ విరగ్గొట్టి లోపలికి పోయాం. "చచ్చేదాకానైనా నన్ను పడుకోనివ్వరటే" అని తిట్టింది. ఆ సాయంత్రం చారు చేసి అందరికీ పోసింది. నీకు తలుపు కొట్టినా వినపడదు కాబట్టి నీ తాళంచెవి ఒకటి నా దగ్గర ఉండాలి.

రొట్టెల బండి పదకొండింటికి వచ్చి హారన్ కొడుతుంది. అదీ నీకు వినపడదు. తలుపు పిడికి గుడ్డసంచి తగిలిస్తే అతనే వేసి పోతాడు. గ్యాస్ బండల లారీ మంగళవారం. ఖాళీ బండ గుమ్మం బయట కనపడాలి, లేకపోతే నీకక్కర్లేదనుకుని పోతాడు. నిండు బండ నువ్వు ఎత్తకు. బండ మార్చాక సబ్బు నురుగు రాసి చూడు, బుడగ లేస్తే కిటికీలు తెరిచి నన్ను పిలువు. నేనొచ్చి ఏం చేస్తానో నాకూ తెలియదు, కానీ పిలువు.

చెమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా బీరువా తలుపులు మూయకూడదు. మంచి కోటు ఉంటే అక్కడే ఎవరికైనా ఇచ్చిరా, ఇక్కడ దానికి ఆకుపచ్చ గడ్డం మొలుస్తుంది. ఈశాన్యం గాలికి బట్టలు ఆరెయ్యి. నైరుతి గాలికి తీసెయ్యి.

ఆగస్టులో ఊరు మనది కాదు. సెలవులకి మాద్రిద్ వాళ్ళొచ్చి కార్లు మన గుమ్మాల్లో పెడతారు. సెప్టెంబరు సగానికి వాళ్ళ షట్టర్లన్నీ దిగిపోతాయి. చలికాలంలో మన వీధిలో పొద్దున్నే లేచే షట్టర్లు ఏడు. నువ్వొస్తే ఎనిమిది.

ఇంకా చాలా ఉన్నాయి. చెయ్యి నొప్పెడుతోంది.

దోసిందా


వెవే, మార్చి 19

దిగుళ్ళ దోసిందాకి,

ఊరంతా నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. నీ ఉత్తరం చదివాక నా వంటింట్లో గ్యాసు లేకపోయినా ఒకసారి వెళ్ళి వాసన చూసి వచ్చాను.

బెప్పే పోయి పద్నాలుగు నెలలైంది. మంచివాడు. ఇక్కడి సరస్సునే సముద్రం అనుకోమనేవాడు. ఉప్పు లేని నీళ్ళని ఏమని అనుకోను? ముప్పై ఏళ్ళు హోటలు పక్కలు పరిచాను, ఏ కిటికీలోంచి చూసినా అవే నీళ్ళు, కదలకుండా. ఆయన్ని వాళ్ళ ఊళ్ళో వాళ్ళ అమ్మ పక్కన పెట్టారు. అక్కడ నాకు చోటు లేదు. నేను అడగనూ లేదు.

ఇల్లు బాగుంది. పదకొండో మెట్టు తెల్లగానే ఉండనీ. తాళంచెవి రెండు చేయిస్తాను.

ఒక మాట. గ్యాస్ బండకి అంత రాశావు, చెమ్మకి అంత రాశావు. శ్మశానం గురించి ఒక్క ముక్క రాయలేదేం? మన వయసువాళ్ళకి బతకడం నేర్పేటప్పుడు అది కూడా రాయాలిగా. నవంబరు ఒకటిన సమాధుల పండుగకి మీరంతా పలకలు కడిగే వెనిగరు నీళ్ళ బకెట్లూ చామంతులూ పట్టుకుని గుట్ట ఎక్కేవాళ్ళు. మీ ఆయన ఎలాదియోకి శ్మశానం గోడలో గూడు ఉంది, నువ్వు వెళ్ళేదానివి. సముద్రంలో పోయిన మా ఆయన రమీరోకి ఏదీ లేదు. నేను రేవు గట్టు చివర నిలబడేదాన్ని. మూడేళ్ళు అలా నిలబడి, నాలుగో ఏడు రైలెక్కేశాను. రమీరో దొరక్కపోవడం కంటే, పువ్వు పట్టుకుని ఎటు తిరగాలో తెలియకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

ఇప్పుడు నాకు డెబ్బై మూడు. నాకొక చోటు కావాలి, అంతే. రమీరో పేరు ఎక్కడైనా ఒక రాయి మీద రాయించొచ్చా? కనుక్కుని రాయి.

బల్బీనా


ఆర్నేలో, ఏప్రిల్ 11

బల్బీనా,

ఆలస్యమైంది. పోస్టతను మారాడు, కొత్తతను ఉత్తరాలు తడిపేస్తాడు. నీది కూడా తడిసే వచ్చింది, కొన్ని మాటలు అలికిపోయాయి.

క్రితంసారి మర్చిపోయినవి రాస్తాను. డాక్టరు మంగళ, గురువారాల్లో వస్తాడు. గదిలోకి అడుగుపెట్టగానే "చివరెవరు?" అని అడగాలి. ఎవరో చెయ్యెత్తుతారు. వాళ్ళ తర్వాత నువ్వు. ఆ పైన ఎక్కడ కూర్చున్నా పర్వాలేదు, వాళ్ళ మొహం మర్చిపోకుండా ఉంటే చాలు. నీ తర్వాత వచ్చినవాళ్ళు అడిగితే నువ్వు చెయ్యెత్తాలి. చేపల కొట్టులోనూ ఇంతే. అడగకుండా కూర్చుంటే సాయంత్రం దాకా కూర్చోవలసిందే, నువ్వు లేనట్టే లెక్క.

సోమవారం చేప కొనకు, ఆదివారం పడవ పోదు. కవళ్ళ చేపలు సాన్ షువాన్ పండుగ దాకా ముట్టుకోకు, కొవ్వు పట్టదు. ఎవరైనా పోతే రొట్టెల కొట్టు తలుపు మీద చావు కాగితం అంటిస్తారు, అది చదవకుండా కొట్టు దాటకూడదు. గట్టు మీద నిలబడితే సముద్రానికి వీపు పెట్టకు. బస్సులు రెండే, పొద్దున ఏడూ పదికి, మధ్యాహ్నం మూడింటికి. వాన పడితే ఆ డ్రైవరు మన మలుపు దగ్గర ఆపడు.

అసలు నువ్వు బాగా ఆలోచించుకున్నావా? ఇక్కడ చలి ఎముకల్లోకి పోతుంది. అక్కడ నీకు హీటర్లు ఉన్నాయి. పెద్దాసుపత్రికి గంటన్నర దారి. నీకు వినపడదు, వెనక నుంచి కారొస్తే ఎలా? గుట్ట మీది శ్మశానం దారి మహా జారుడు, ఒతిలియా చెల్లెలు అక్కడే తుంటి విరగ్గొట్టుకుంది. నీ మోకాళ్ళకి ఆ దారి వద్దు. పువ్వు పెట్టుకోవాలంటే రేవు దగ్గర మేరీమాత విగ్రహం ఉంది, చాలామంది అక్కడే పెడతారు. మెట్లు కూడా లేవు.

నువ్వు రావద్దని కాదు. వస్తే నాకు సంతోషమే. పండక్కి ముందు కాకుండా వేసవిలో వచ్చి, నచ్చితే ఉండి, లేకపోతే వెళ్ళిపోయేలాగా వస్తే మంచిదేమో అని.

దోసిందా


వెవే, మే 6

దోసిందా,

నీ ఉత్తరంలో నన్ను రావద్దనడానికి ఎన్ని కారణాలు ఉన్నాయో వేలితో లెక్కపెట్టాను. పదకొండు. పోస్టతని తడి చేతులు కలపకుండా.

నేను వచ్చేది ఇష్టమా, కష్టమా? ఒక్క ముక్కలో చెప్పు. నువ్వు ఎప్పుడూ ఇంతే, అడిగినదానికి తప్ప అన్నిటికీ దిగులు పడతావు. నేను అడిగింది రాయి గురించి. మేరీమాత గురించి కాదు. ఆవిడకి పువ్వులు పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు.

నా కాళ్ళు వాస్తున్నాయి. డాక్టరు గుండె అన్నాడు, బిళ్ళలిచ్చాడు, ప్రయాణం చేయొచ్చన్నాడు. నువ్వు దీనికి కూడా దిగులు పడతావని తెలుసు, అయినా రాశాను. దాచడం నాకు చేతకాదు.

నిన్న మేజోడుకి చిల్లు పడితే చెత్తబుట్టలో పారేశాను. ఇన్నేళ్ళొచ్చినా నాకు చిల్లు అల్లడం రాలేదు. పారేసిన ప్రతిసారీ నువ్వు గుర్తొస్తావు. రమీరో మేజోళ్ళన్నీ పట్టుకొచ్చి నీ ఒళ్ళో పడేసేదాన్ని, బదులుగా నీకు రెండు మొక్కజొన్న రొట్టెలు. "నీ మొగుడి కాళ్ళు పాచిరాళ్ళ మీద పుట్టాయా ఏమిటే, ఇన్ని చిల్లులు" అనేదానివి. ఆ మాట తలచుకుని చెత్తబుట్ట పక్కన నిలబడి ఒక్కదాన్నే నవ్వాను.

బల్బీనా


ఆర్నేలో, జూన్ 23

బల్బీనా,

ఇవాళ సాన్ షువాన్. రేవులో మంటలకి కట్టెలు పేరుస్తున్నారు. అందరూ అక్కడున్నారు. నన్నెవరూ పిలవకుండా తలనొప్పని చెప్పి తలుపేసుకుని రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇది ఆరోసారి మొదలుపెట్టడం. అయిదూ పొయ్యిలో వేశాను.

నువ్వు మేజోళ్ళ మాట ఎత్తావు. నీకు తెలిసే రాశావేమో అని మొదట వణికాను. తెలియక రాశావని తర్వాత అర్థమైంది. అది ఇంకా కష్టమైంది.

వాళ్ళిద్దరూ పడవ తీసింది శనివారం. అంతకు ముందు గురువారం నువ్వు గుడ్డలో చుట్టి రెండు రొట్టెలు తెచ్చావు, రమీరో మేజోళ్ళు రెండు జతలు తెచ్చావు. నేను ఎలాదియోవి, రమీరోవి ఒకే ఊపున కూర్చుని చిల్లులు అల్లాను. ఒకే ఉండ, బూడిదరంగు ఉన్ని. పడవ తిరిగి రాలేదు. అటు తర్వాత పందొమ్మిదో రోజున లైట్‌హౌస్ అవతల నాచు ఏరేవాళ్ళకి ఒక శవం దొరికింది. నువ్వు ఊళ్ళో లేవు. మగవాళ్ళతో కలిసి ఒడ్డు వెంట వెతుక్కుంటూ రెండు రోజుల దారి పోయావు.

నన్ను పడవల కొట్టంలోకి తీసుకెళ్ళారు. కోర్టు తరఫున వచ్చినాయన "మొహం చూడొద్దమ్మా, చూసేందుకేం లేదు" అన్నాడు. తెరచాప గుడ్డ కింద నుంచి కాళ్ళు మాత్రం చూపించాడు. ఒక కాలికి బూటు ఉంది. ఇద్దరి బూట్లూ ఒకే కొట్టువి, నీకు తెలుసు. ఇద్దరూ ఒకే ఎత్తు. బూటు లాగితే మేజోడు. మడమ దగ్గర నా అల్లిక. వలలు అల్లే చేతి అల్లిక, ఒక పోగు మీదుగా, రెండు పోగుల కిందుగా. ఈ ఊళ్ళో అలా ఎవరూ వెయ్యరు. "ఇది నా చెయ్యే, నా మనిషే" అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఎవరూ ఇంకొక ప్రశ్న అడగలేదు. నా అల్లిక అందరికీ తెలుసు.

ఆ క్షణంలో నేను అబద్ధం చెప్పలేదు బల్బీనా. నాకు తోచలేదు.

మర్నాడు గుట్ట మీద, ఇప్పుడు శ్మశానం చూసుకునే సెవెరినో వాళ్ళ నాన్న గూటికి ఇటుకలు పెడుతున్నాడు. అయిదు వరుసలు పట్టాయి. మూడో వరుస పెడుతుండగా మొక్కజొన్న రొట్టె వాసన వచ్చింది. కింద ఎవరింట్లోనో కాలుస్తున్నారు. ఆ వాసనతో గురువారం గుర్తొచ్చింది. నీ గుడ్డమూట గుర్తొచ్చింది. రమీరో రెండు జతలు గుర్తొచ్చాయి, వాటికీ నా అల్లికే. నేను నోరు తెరిచాను. ఆ ముసలాయన తాపీ ఆపి, "ఏడు తల్లీ, ఏడిస్తే తేలికవుతుంది" అన్నాడు. నేను ఏడవబోతున్నాననుకున్నాడు. నేను ఏడ్చాను. నాలుగో వరుస పెట్టాడు. అయిదోది పెట్టాడు.

ఆ తర్వాత చెప్పొచ్చు కదా అంటావు. చెప్పొచ్చు. నువ్వు మర్నాడు సాయంకాలం తిరిగొచ్చావు, బూట్ల నిండా ఇసుక. "నీకైనా దొరికాడు, నాకదే సంతోషం" అని నన్ను పట్టుకున్నావు. నాకు ఒక గోడ దొరికింది, దాని ముందు నిలబడి ఏడవడానికి. నా చెయ్యి దాన్ని వదలలేదు. రేపు చెప్తాను, పండగయ్యాక చెప్తాను అనుకుంటుండగా నువ్వు రైలెక్కావు. నువ్వు వెళ్ళిన రోజు నాకు కొంచెం ఊపిరి ఆడింది. అది కూడా రాస్తున్నాను, దాచకుండా.

అందులో ఉన్నది ఎవరో నాకు తెలియదు. నలభై మూడేళ్ళుగా పూలు పెడుతున్నాను. మొన్న సెవెరినోని అడిగాను, నేను పోతే ఎలా పెడతారని. గూడు తెరిచి ఎముకలు ఒక పక్కకి జరిపి నన్ను పెడతారట. ఇప్పుడు నాకు అదొక్కటే దిగులు. నా మొగుణ్ణి ఇన్నాళ్ళూ అనుమానించానా, లేక చచ్చి నీ మొగుడి పక్కన పడుకుంటానా.

నువ్వు రావడం కష్టమా అని అడిగావు. ఇదీ కష్టం. ఇష్టం ఎంతో నీకు చెప్పలేను.

దోసిందా


ఆర్నేలో, జూలై 30

బల్బీనా,

అయిదు వారాలైంది. రోజూ పోస్టతనికి ఎదురెళుతున్నాను. నిన్న "అమ్మమ్మా, ఉత్తరం వస్తే నేనే తెస్తాను, నన్ను చూసి అలా నిలబడితే నాకే భయమేస్తోంది" అన్నాడు.

తిట్టి రాసినా సరే. పై వాటా ఇంకెవరికీ ఇవ్వొద్దని ఒతిలియాకి చెప్పాను.

దోసిందా


వెవే, సెప్టెంబరు 8

దోసిందా,

నీ ఉత్తరం చదివి, మడిచి, బెప్పే కోటు జేబులో పెట్టి బీరువా తాళం వేశాను. రెండు నెలలు ఆ బీరువా తెరవలేదు.

నేను గట్టు చివర నిలబడినప్పుడు నువ్వు గుట్ట దిగుతూ నా కోసం ఒక చామంతి తెచ్చేదానివి. గుర్తుందా? మూడేళ్ళూ తెచ్చావు. ఎంత మంచిదో అనుకునేదాన్ని. నీళ్ళలో వేసేదాన్ని దాన్ని. ఈ రెండు నెలలూ నాకు ఆ మూడు పువ్వులే కళ్ళ ముందు. మిగతాదంతా క్షమించొచ్చేమో. ఆ పువ్వులు ఎలా తెచ్చావే?

ఈ వారం కోపం కాస్త అలిసిపోయింది. నేనూ అలిసిపోయాను. నాలుగు మెట్లెక్కితే ఆగాల్సి వస్తోంది. ఆ మేజోళ్ళు నీ ఒళ్ళో పడేసింది నేనే కదా, ఆ రోజే నాకు తట్టాల్సింది, తట్టలేదు. నువ్వు నీ మనిషే అన్నావు, నేను నమ్మాను. నువ్వు చెప్పింది ఎప్పుడైనా నమ్మకుండా ఉన్నానా?

ఇప్పుడు ఇది విను. రమీరో పదహారో ఏట పడవ తాడు చుట్టుకుని ఎడమ కాలు విరిగింది. మోకాలి కింద. కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు. నడకలో తెలిసేది కాదు, చెయ్యి పెడితే గుబ్బలా తగిలేది. మీ ఎవరికీ తెలియదు, చెప్పుకోవడం అతనికి ఇష్టం లేదు. కండ పోయినా ఎముక చెప్తుంది.

కానీ ఊరికే దాన్ని తెరిపించొద్దు. మనమేం కోర్టువాళ్ళం కాదు. నేను అనుకున్నదేమిటంటే, మనిద్దరిలో ముందు పోయినవాళ్ళని అందులో పెట్టాలి. రెండోవాళ్ళు దగ్గర నిలబడి చూడాలి. ఆ తర్వాత రెండోవాళ్ళనీ అందులోనే పెట్టాలి. అందులో ఉన్నది ఎవరైనా, ఇద్దరిలో ఒకరు తన మనిషి దగ్గరే ఉన్నట్టు. ఇంకొకరు స్నేహితురాలి దగ్గర ఉన్నట్టు. ఇంతకన్నా మంచి లెక్క నాకు తోచలేదు.

అక్టోబరు ఇరవై నాలుగున మూడింటి బస్సుకి దిగుతాను. వాన పడితే ఆ డ్రైవరు మలుపు దగ్గర ఆపడన్నావు, కాబట్టి నువ్వు రోడ్డుకి అడ్డంగా నిలబడు. చామంతులు రెండు కుండీలు చెప్పి ఉంచు. ఈసారి నేను కూడా గుట్ట ఎక్కుతాను. జారితే నీ మీదే పడతాను.

బల్బీనా


ఆర్నేలో, అక్టోబరు 9

బల్బీనా,

నీ ఉత్తరం పట్టుకుని చర్చిలో కూర్చున్నాను, చదవకుండా. చదివాక ఇంకా కూర్చున్నాను. ఆ పువ్వులకి నువ్వొచ్చాక మొహం చూసి తిట్టు.

పదకొండో మెట్టుకి రంగు వేయించాను, తెలుపు మరీ మెరుస్తోంది, కళ్ళు చెదిరి పడతారేమో అని ఇప్పుడు దిగులు. షట్టరు తాడు పాతబడితే కొత్తది కట్టించాను, గట్టిగా లాగక్కర్లేదు, రెండు వేళ్ళు చాలు. రొట్టెల సంచి కుట్టి నీ పేరు దారంతో అల్లాను. బీరువా తలుపులు తీసే ఉంచాను. గ్యాస్ బండ నిండుది, నురుగు రాసి చూశాను, నాలుగుసార్లు. చామంతులు తెల్లవి ఒక కుండీ, పసుపువి ఒక కుండీ. ఏ రంగు ఎవరిదో నువ్వే చెప్పు.

బిళ్ళలు వేళకి వేసుకో. రైల్లో కిటికీ పక్కన కూర్చోకు, గాలి తగులుతుంది. సంచి బరువుగా పెట్టుకోకు.

వాన పడితే రోడ్డుకి అడ్డంగా నిలబడతాను. ఒతిలియా కూడా నిలబడతానంది.

దోసిందా


ఆర్నేలో, నవంబరు 2

బల్బీనా,

ఈ ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. గూటికి కొత్త రాతిపలక శుక్రవారం వస్తుంది, అది బిగించే ముందు దీన్ని మడిచి లోపల పెడతానని సెవెరినో మాటిచ్చాడు.

ఇరవై నాలుగున వాన పడలేదు. బస్సు మలుపు దగ్గర ఆగింది. ఇద్దరు దిగారు, నువ్వు లేవు. డ్రైవరుని దిగి చూడమన్నాను, సీట్ల కింద కూడా చూడమన్నాను. నీకు వినపడక నిద్రపోతున్నావేమో అనుకున్నాను. అతను పాపం చూశాడు. మర్నాడు కూడా మూడింటికి వెళ్ళాను. ఆ మర్నాడు ఒతిలియా ఇంటికి ఫోనొచ్చింది, బెప్పే మేనకోడలు.

నీ కిటికీ షట్టరు రెండు రోజులు ఎత్తలేదట. ఎదురుగా నాలుగంతస్తుల మేడ ఉందట. ఎవరూ చూడలేదట.

నీ చేతిసంచిలో బస్సు టిక్కెట్టు, నా ఉత్తరాలు ఉన్నాయట. "చివరెవరు" అన్న మాట కింద గీత గీసుకున్నావట. సెప్టెంబరులోనే ఆ అమ్మాయికి చెప్పి ఉంచావట, ఏమైనా అయితే ఆర్నేలోకి, గూడు సంగతి దోసిందాకి తెలుసు అని. నిన్ను బూడిద చేసి చిన్న పెట్టెలో తెచ్చింది. నేనే ఎత్తుకున్నాను. సంచి బరువుగా పెట్టుకోవద్దని రాశాను, నువ్వు మరీ ఇంత తేలిగ్గా వస్తావనుకోలేదు.

ముప్పై ఒకటో తేదీ పొద్దున గూడు తెరిచారు. అయిదు వరుసలు. వాళ్ళ నాన్న పెట్టిన ఇటుకలు సెవెరినో తీశాడు. "దోసిందా, నువ్వు అటు తిరుగు" అన్నాడు. నేను తిరగలేదు. దగ్గర నిలబడి చూడాలని నువ్వన్నావు. పెట్టె చెక్కలు పొడైపోయాయి. అతను ఎముకలు గుడ్డ మీదికి తీస్తున్నాడు. ఎడమ మోకాలి కింద ఎముక వంకరగా ఉంది, మధ్యలో గుబ్బ. నేను చెయ్యి పెట్టి చూశాను.

సెవెరినో కూడా చూశాడు. "ఇది విరిగి అతికిన ఎముక. ఎలాదియోకి కాలెప్పుడు విరిగింది?" అన్నాడు.

"ఇతను ఎలాదియో కాదు. రమీరో" అన్నాను. ఒతిలియా ఉంది, ఫాదరుగారు ఉన్నారు, బెప్పే మేనకోడలు ఉంది. అందరి ముందూ చెప్పాను. మేజోళ్ళ సంగతి, మూడో వరుస సంగతి. సెవెరినో ఒక ఇటుక చేతిలోకి తీసుకుని, "మా నాన్నకి చెప్పాల్సింది, ఇటుకలు తీసేవాడు. అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయిగా" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్ను అతని పక్కన పెట్టారు. నీ పెట్టె చుట్టూ నేను అల్లిన మేజోళ్ళు ఒక జత పెట్టాను, బూడిదరంగువి. నవ్వుకో.

ఇప్పుడు అక్కడ ఎలా ఉండాలో రాస్తాను. నీ గూడు కింది నుంచి రెండో వరుస, తూర్పు వైపు. పదింటి దాకా ఎండ పడుతుంది, తర్వాత నీడ. చెమ్మ కింద నుంచి వస్తుంది, అందుకని నిన్ను పలక వైపు పెట్టించాను. ఎడమ పక్క ఒతిలియా వాళ్ళాయన, బతికున్నప్పుడే మాట్లాడేవాడు కాదు. కుడి పక్క ఉప్పుకొట్టు ఆవిడ, ఆవిడతో జాగ్రత్త, మాటలు ఊరంతా మోసేస్తుంది. పైన ఎవరూ లేరు. నైరుతి గాలికి పలక సందుల్లోంచి హోరు వస్తుంది. నీకు వినపడదులే.

పాత పలక తీయించేశాను. కొత్తదాని మీద రమీరో పేరు, దాని కింద నీ పేరు. నా పేరుకి చోటు వదలొద్దన్నాను. రెండోవాళ్ళనీ అందులోనే పెట్టాలని నువ్వన్నావు. అది ఎవరో తెలియనప్పుడు అనుకున్న మాట. ఇప్పుడు తెలిసింది. మీ ఇద్దరినీ ఇంకా విడదీస్తూ మధ్యలో నేనెందుకు? నన్నెక్కడ పెడతారో అని ఒక కొత్త దిగులు మొదలైంది. పాతది పోయింది కదా, చోటు ఖాళీ అయింది.

ఎలాదియోకి నలభై మూడేళ్ళుగా ఒక్క పువ్వు లేదు. ఒక్క కొవ్వొత్తి లేదు. నేను రమీరో ముందు నిలబడి ఎలాదియో అనుకుని మొక్కజొన్న ధరలు చెప్పాను, ఇల్లు కారుతోందని చెప్పాను. నా మాటలు విన్నది నీ మొగుడు. నా మొగుడికి ఏదీ తెలియదు.

నిన్న పండుగ. తెల్ల చామంతుల కుండీ పొద్దున్నే గుట్ట మీద మీ దగ్గర పెట్టి వచ్చేశాను. తర్వాత ఊరంతా బకెట్లు పట్టుకుని పైకి పోతుంటే నేను పసుపు కుండీ పట్టుకుని గట్టు చివరికి పోయాను. నీ చోటికి. గాలి ఎంత ఉందో. సముద్రానికి వీపు పెట్టలేదు. పువ్వులు ఒక్కొక్కటే తుంచి నీళ్ళలో వేశాను, అవి కెరటంతో పోకుండా తిరిగి తిరిగి గట్టు రాళ్ళకే వస్తున్నాయి. పైన చర్చి గంట కొట్టారు, అందరూ అటు వైపు శిలువ వేసుకున్నారు. నాకు ఎటు తిరగాలో తెలియలేదు.

ఈ ఊళ్ళో ఎలా బతకాలో నీకు అన్నీ రాశాను, గ్యాస్ బండతో సహా. నువ్వు నాకు ఒక్కటి రాయాల్సింది. ఆ గట్టు మీద ఎంతసేపు నిలబడాలి, పువ్వులన్నీ అయిపోయాక చేతులు ఏం చెయ్యాలి, అక్కడి నుంచి ఇంటికి ఎలా రావాలి. నువ్వు మూడేళ్ళు నిలబడ్డావు. నీకు తెలుసు.

పొద్దున తొమ్మిదికి లేచి నా షట్టరు ఎత్తాను. తర్వాత పక్కింటి మెట్లెక్కి నీది కూడా ఎత్తాను. రెండు వేళ్ళు చాలు.

దోసిందా